ర్యాంకుల బోర్డు సరే, భద్రత లెక్క ఏది?

విద్యా సంవత్సరం ఆరంభమైతే చాలు, మన వీధులన్నీ ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. ఏ పాఠశాలలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో ఫొటోలతో సహా తెలిసిపోతుంది. అదే పాఠశాలలో నిరుడు ఎందరు పిల్లలు దెబ్బలు తిన్నారు, ఎన్ని ఫిర్యాదులు అందాయి, వాటిలో ఎన్నింటిని విచారించారు, ఎందరికి మధ్యలోనే టీసీ ఇచ్చి పంపివేశారు అన్న సంగతి మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు. అడిగితే ‘మా బడిలో అలాంటివేమీ జరగవు’ అన్న ఒక్క మాటే సమాధానం. సంతానాన్ని అల్లాహ్ అప్పగించిన అమానతుగా భావించే తల్లిదండ్రులు ఆ ఒక్క మాటతో తృప్తిపడవచ్చునా?

భవనం లెక్క ఉంది, బిడ్డ లెక్క లేదు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో రేగిన మంటలు 94 మంది చిన్నారులను బలిగొన్నాయి. ఆ ఘోరం దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, భవనం సురక్షితమని నిర్ధారించుకున్న తరువాతనే పాఠశాలలకు గుర్తింపు ఇవ్వాలని ప్రభుత్వాలను ఆదేశించింది. నేడు సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాలలు భవన భద్రత, అగ్నిమాపక భద్రత, తాగునీరు, పారిశుద్ధ్యానికి సంబంధించిన ధ్రువపత్రాలను తమ వెబ్‌సైట్‌లో ఉంచాలన్న నిబంధన ఉంది. కేంద్ర విద్యాశాఖ నిర్వహించే యూడైస్ ప్లస్‌లో మరుగుదొడ్లు, ప్రహరీగోడ, తాగునీటి వంటి వివరాలు పాఠశాలల వారీగా నమోదవుతాయి.

ఇవి అవసరమైన లెక్కలే. అయితే ఇవన్నీ ప్రధానంగా గోడలకు, కాగితాలకు సంబంధించినవి. ఆ గోడల మధ్య పిల్లల పట్ల ఎలా ప్రవర్తిస్తున్నారో ఇవి చెప్పవు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. నిషేధం ఉంది, శిక్ష ఉంది. కానీ ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, వాటి గతి ఏమైందో తల్లిదండ్రుల ముందుంచే అలవాటు మాత్రం మన పాఠశాలల్లో లేదు.

సున్నా అంటే క్షేమమేనా?

ఇలాంటి లెక్కలను దీర్ఘకాలంగా సేకరిస్తున్న దేశం అమెరికా. అక్కడి పౌరహక్కుల విభాగం 1968 నుంచి ప్రభుత్వ పాఠశాలల సమాచారాన్ని సేకరిస్తోంది. సస్పెన్షన్లు, బహిష్కరణలు, శారీరక దండన, పోలీసు అరెస్టులు, వేధింపుల ఆరోపణలు నేడు అందులో భాగం. మతం కారణంగా జరిగిన వేధింపులను కూడా విడిగా లెక్కిస్తారు. ఈ లెక్కల వల్లనే 2014లో ఒక చేదు నిజం దేశం కళ్ల ముందుకు వచ్చింది. బడికి ముందు దశ చదువులో నల్లజాతి పిల్లలు 18 శాతమే ఉండగా, ఒకటికి మించి సస్పెన్షన్లు పొందిన పసివారిలో వారి వాటా 48 శాతం. లెక్క బయటకు రాకపోతే ఆ అన్యాయం ఒక్కొక్క ఇంటి గోడుగానే మిగిలిపోయేది.

అయితే ఆ దేశ అనుభవంలో మనకు హెచ్చరికలు కూడా ఉన్నాయి. పిల్లలను బలవంతంగా పట్టి నిలువరించడం, ఒంటరి గదిలో ఉంచడం వంటి ఘటనలను పాఠశాలలు నివేదించాలి. 2015-16 సంవత్సరానికి 70 శాతం పాఠశాల జిల్లాలు ‘సున్నా’ అని నివేదించినట్లు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2019లో వెల్లడించి, ఆ సున్నాలను నమ్మలేమని చెప్పింది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పాఠశాలలు ఏళ్ల తరబడి సున్నా చూపుతూ వచ్చాయి. ఒక రేడియో సంస్థ పరిశోధన తరువాత బయటపడిన పత్రాల్లో ఒక్క ఏడాదిలోనే 1,600కు పైగా ఘటనలు ఉన్నాయి.

రెండవ హెచ్చరిక మరింత సూక్ష్మమైనది. ఈ శతాబ్దారంభంలో వచ్చిన ఒక చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ‘నిరంతరం ప్రమాదకరమైన పాఠశాలలు’ ఏవో ప్రకటించాలి. 90 వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలున్న దేశంలో ఆ ముద్ర పడినవి కొన్ని పదులే. అత్యధిక రాష్ట్రాలు ఒక్కదాన్నీ చూపలేదు. కారణం స్పష్టం. ఉన్నదున్నట్టు చెప్పిన పాఠశాలకు చెడ్డపేరు, దాచిన పాఠశాలకు మంచిపేరు వచ్చే పద్ధతిలో నిజం ఎవరు రాస్తారు?

నమ్మదగిన నివేదిక లక్షణాలు

మొదటిది, నిర్వచనం. చెంపదెబ్బ ‘దండన’ కిందికి వస్తుందా, ఎండలో నిలబెట్టడం వస్తుందా అన్నది ముందే తేల్చకపోతే రెండు పాఠశాలల లెక్కలను పోల్చలేము. ఆరోపణ వేరు, విచారణలో రుజువైనది వేరు. రెండింటినీ విడివిడిగా చూపాలి.

రెండవది, నిష్పత్తి. 400 మంది పిల్లలున్న బడిలో 8 ఫిర్యాదులు, 2,000 మంది ఉన్న బడిలో 20 ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. పైకి రెండవదే అధ్వానంగా కనిపిస్తుంది. వెయ్యి మందికి లెక్కిస్తే మొదటిదానిలో 20, రెండవదానిలో 10. ఒక్క ఏడాది అంకెను చూసి తీర్పు చెప్పకుండా, కనీసం మూడేళ్ల లెక్కను పక్కపక్కన ఉంచాలి.

మూడవది, పర్యవసానం. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నదానితోపాటు ఎన్ని రోజుల్లో విచారించారు, ఏ చర్య తీసుకున్నారు, మళ్లీ జరగకుండా ఏమి మార్చారు అన్నవి రాయాలి. ఫిర్యాదులు కొంచెం పెరిగినా, పిల్లలు ధైర్యంగా నోరు విప్పుతున్నారనడానికి అది సూచన కావచ్చు.

నాల్గవది, గోప్యత. బాధిత బిడ్డ గుర్తింపు బయటపడడం నేరమే కాక, ఆ బిడ్డకు రెండవ గాయం కూడా. కనుక పేరు, తరగతి ఉండకూడదు. సంఖ్య మరీ చిన్నదైతే ‘అయిదు కంటే తక్కువ’ అని సూచిస్తే చాలు. పరువు పేరిట మొత్తం లెక్కనే కప్పిపుచ్చడం వేరు, బిడ్డ పేరును కాపాడడం వేరు.

మన సంస్థల మాట

ఇతరులను అడిగే ముందు మన ఇంటిని మనం చూసుకోవాలి. 2012 సవరణ ప్రకారం విద్యాహక్కు చట్టం మదరసాలకు వర్తించదు. కానీ పోక్సో చట్టానికి అలాంటి మినహాయింపు లేదు. ఇంటికి దూరంగా, రాత్రింబవళ్లు ఉస్తాదుల సంరక్షణలో ఉండే పిల్లలకు కావలి మరింత గట్టిగా ఉండాలి. ఏటా చందాల జమాఖర్చులను ముద్రించి పంచే మన సంస్థలు అదే కరపత్రంలో ఒక పేజీని పిల్లల భద్రతకు కేటాయించలేవా? రూపాయికి లెక్క చెప్పేవారు బిడ్డకు లెక్క చెప్పడానికి వెనుకాడరాదు. దాచినంతకాలం వదంతులే నిజంగా చెలామణి అవుతాయి. నిజాయితీ గల ఉస్తాదులకు కూడా ఆ అనుమానాల నీడ తప్పదు.

తల్లిదండ్రులు చేయగలిగినవి

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది. ఆ సమావేశంలో ‘ఈ మూడు నెలల్లో వచ్చిన ఫిర్యాదులెన్ని, పరిష్కరించినవెన్ని?’ అన్న ప్రశ్నను ప్రతిసారీ అడగండి. ప్రభుత్వ పాఠశాలలు, మైనారిటీ గురుకులాల విషయంలో సమాచార హక్కు చట్టం కింద సంఖ్యలను కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. ప్రైవేటు పాఠశాలలో చేర్చే ముందు భవన, అగ్నిమాపక పత్రాలతోపాటు బస్సు ఫిట్‌నెస్ పత్రం చూపమనండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో, విచారణ ఎవరు చేస్తారో అడిగి తెలుసుకోండి. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098 నంబరును ఇంట్లో పిల్లలకు కంఠస్థం చేయించండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ‘మా దగ్గర ఇన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఇలా సరిదిద్దాము’ అని చెప్పే పాఠశాల కనిపిస్తే దాని నుంచి పారిపోకండి. ‘ఏమీ జరగదు’ అనే పాఠశాల కంటే అదే మన నమ్మకానికి ఎక్కువ యోగ్యమైనది. నిజం చెప్పినవారి వెంట తల్లిదండ్రులు నిలిచిననాడు మిగిలిన పాఠశాలలు కూడా నోరు విప్పక తప్పదు.