మంచుదేశమున కారునకు చలిగాలి గొట్టము

వంటయింటి సంగతులకును బిడ్డల పెంపకమునకును నెలవైన ఈ పుటలలో మోటారుకారు ఇంజనును గూర్చి వ్రాయుటకు నేనెంతటిదాననని మీరడుగవచ్చును. నేను బడిపంతులుగారి భార్యను. మా యింట కారు లేదు. నేను చదివినదెల్ల మా తండ్రిగారియొద్ద కావ్యములును, రామాయణ భారతములును మాత్రమే. అయినను క్రిందటి శీతకాలమున, మా తల్లి లేనందున, మా చెల్లెలి పురిటికి నేనే అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరమునకు వెళ్లితిని. అచ్చట ఒకనాఁడు మంచుబాటప్రక్కన ఆగిపోయిన కారులో, పదునాఱు దినముల పసికందును కాచుకొని నలువది నిమిషములు కూర్చుంటిమి. ఆ నలువది నిమిషములే నాచేత ఇది వ్రాయించుచున్నవి.

మా మరిదికి కార్లన్న మిక్కిలి మక్కువ. ఆతఁడు అంతకుముందు వేసవిలో, కంపెనీవారమర్చిన గాలిపెట్టెను ఊడఁదీసి, బజారులో విడిగా అమ్ము గొట్టమునొకదానిని మున్నూఱు డాలర్లకు కొని బిగించుకొనెను. దానిని అక్కడివారు ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ అందురు. మనము చలిగాలి గొట్టమనుకొందము. నిగనిగలాడు అల్యూమినియపు గొట్టము. దాని కొసను గరాటువంటి ఫిల్టరు. ఆ ఫిల్టరు ఇంజనుప్రక్కన గాక, ముందరి బంపరు వెనుక, చక్రమునకు దాపుగా, నేలకు జానెడెత్తున నుండును. “వదినగారూ, బండి గొంతు ఎట్లు మాఱినదో వినుఁడు” అని నేను దిగిన మఱునాఁడే నాకు వినిపించి మురిసెను. గొంతు మాఱిన మాట నిజమే. తక్కిన సంగతులు నాకు పిమ్మట తెలిసినవి.

ఇంజను కూడ మనవలెనే ఊపిరి పీల్చి బ్రదుకునదియే. ఒక గ్రాము పెట్రోలు చక్కగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావలయును. రెండు లీటర్ల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు, పెడలును పూర్తిగా త్రొక్కినచో, ఇంచుమించు 2000 లీటర్ల గాలిని మ్రింగును. గాలి చల్లఁబడినకొలఁది దట్టమగును. 30 డిగ్రీల వేఁడిలో ఘనమీటరు గాలి 1.16 కిలోలు తూఁగును. సున్న క్రింద 20 డిగ్రీల చలిలో అదియే 1.39 కిలోలు. అనఁగా అంతే చోటిలో అయిదవవంతు ఎక్కువ గాలి. ఎక్కువ గాలియున్నచో ఎక్కువ పెట్రోలు మండును, బలము పెరుగును. కాఁగిన ఇంజను చుట్టునున్న వేఁడిగాలిని విడిచి బయటి చల్లని గాలిని తెచ్చుకొందమనుటయే ఈ గొట్టమునందలి కిటుకు. వేసవిలో దీనివలన కొంచెము లాభము లేకపోలేదు. అదియును పెడలును అడుగంట త్రొక్కువారికే కనఁబడును.

కాని శీతకాలమున? బయట జగమంతయు మంచుపెట్టెవలె నుండఁగా చల్లగాలికై మున్నూఱు డాలర్లేల? నడివేసవిలో కూజా కొన్నవానిని తప్పుపట్టను. పుష్యమాసములో దానిని నెత్తికెత్తుకొని తిరుగువానిని చూచి నవ్వకుండుట కష్టము. అదిగాక, ఇప్పటి కార్లలో పెక్కింటికి కంపెనీవారి పెట్టెయే ముందరి జాలివెనుకనుండి బయటిగాలిని తెచ్చుచుండును. ఈ ముక్కను గొట్టములమ్మువారు గట్టిగా చెప్పరు.

జారుడు మంచుమీఁద ఎవ్వరును బండిని వేగముగా తోలరు గదా! పెడలును మెల్లగా త్రొక్కినపుడు గాలిద్వారము చాలవఱకు మూసికొనియే యుండును. గాలి దట్టమైనచో ద్వారము మఱికొంత మూయవలసి, మూసిన తలుపుసందునుండి గాలిని లాగుటకే ఇంజను శ్రమపడును. చలికాలమున పెట్రోలు ఎక్కువ కాలుటకు ఇదియొక కారణము మాత్రమే. నూనె చిక్కఁబడుటయు, ఇంజను ఆలస్యముగా వేఁడెక్కుటయు తక్కినవి. సున్న క్రింద 7 డిగ్రీల చలిలో పట్టణపు తిరుగుటకు కారు మైలేజి, 25 డిగ్రీల నాఁటికన్న ఇంచుమించు నూటికి 15 పాళ్లు తగ్గుననియు, మూఁడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణములకైనచో 24 పాళ్లవఱకు తగ్గుననియు అమెరికా ఇంధనశాఖవారు లెక్క చెప్పుచున్నారు. బిడ్డల బడికిని, అంగడికిని పోవు ఇల్లాండ్ర ప్రయాణములన్నియు ఈ చిన్నవే గదా! ఈ నష్టమును ఆ గొట్టము తీర్చునది కాదు.

ఇఁక ఆనాఁటి సంగతి. జనవరి మాసము. సున్న క్రింద 21 డిగ్రీలు. పసివానిని వైద్యునకు చూపించి ఇంటికి మఱలుచుంటిమి. మా ముందు పెద్ద లారీ యొకటి పోవుచుండెను. దాని చక్రములనుండి పొడిమంచు ముగ్గుపిండివలె లేచి మామీఁద పడుచుండెను. అది ఎంతో అందముగా నున్నదని నేననుకొనుచుండఁగనే బండి ఉబ్బసపురోగివలె ఎగరోజుట కారంభించెను. ఎదుటి పలకమీఁద ఇంజనుబొమ్మ గల పసుపుపచ్చని దీపము వెలిగెను. మరిది ఎట్లో బాటప్రక్కకు చేర్చెను. అంతలో ఇంజను ఆఁగెను. ఇంజను ఆఁగినచో లోపలి వేఁడియు ఆఁగును. పది నిమిషములకే అద్దములకు లోపలివైపున మంచు పట్టెను. మా చెల్లెలు ముందుచూపుతో వెనుక డిక్కీలో రెండు బొంతలుంచుకొన్నది. పసివానిని నా కోటులోపల గుండెకు హత్తుకొని, పైన ఆ రెండును కప్పితిమి. నేనెఱిఁగిన స్తోత్రములన్నియు అయిపోయి మొదటికి వచ్చితిని. బండిని లాగుకొనిపోవు లారీ వచ్చుసరికి నలువది నిమిషములు పట్టెను.

మరమ్మతుచోట మెకానిక్కు బంపరుక్రింది ప్లాస్టిక్కు తొడుగును ఊడఁదీసి, ఫిల్టరును మాకు చూపించెను. మడతలన్నియు మంచుతో పూడి, అది పిండిలో దొర్లించిన గారెవలె నుండెను. ఊపిరి ఆడు సందు లేదు. “ఇది పొడిమంచు గనుక బ్రదికితిరి, కరఁగిన బురదనీరైనచో ఇంజనే పోయెడిది” అని ఆయన యనెను. గాలిని నొక్కవచ్చును, నీటిని నొక్కుటకు వీలులేదు. సిలిండరులో నీరు చేరినపుడు పిస్టను పైకి వచ్చినచో కనెక్టింగు రాడ్డు వంగును, ఒక్కొక్కప్పుడు విఱుగును. మన దేశమున పెక్కుచోట్ల మంచు కురియకున్నను, వానకాలమున నీరు నిలిచిన వీథులలో ఫిల్టరును నేలకు దింపుకొన్నవారికి ఇదే గతి.

వాల్మీకి అరణ్యకాండమున లక్ష్మణుఁడు అన్నగారికి హేమంతమును వర్ణించుచు, దాహముగొన్న అడవియేనుఁగు చల్లని నీటిని తాఁకి తొండమును వెనుకకు తీసికొనుటను చెప్పును. కంపెనీవారి గాలిపెట్టెను గూర్చి విన్నపుడు నాకు ఆ ఏనుఁగే జ్ఞప్తికి వచ్చెను. దాని తొండము ఎత్తున నుండును, వంపు తిరిగియుండును, నీరు జాఱుటకు రంధ్రములుండును. 1970 ప్రాంతపు అమెరికా కార్లలో పెక్కింటి తొండములో ఒక రెక్క కూడ నుండెడిది. చలి హెచ్చుగా నున్నపుడు ఆ రెక్క బయటిగాలిని మూసి, పొగగొట్టముచుట్టు కాఁగిన గాలిని లోనికి పంపెడిది. ఇంజను వేఁడెక్కినపిదప మఱల తెఱచుకొనెడిది. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునప్పుడు గాలి ఇంకను చల్లఁబడి, అందలి తేమ గడ్డకట్టి దారి మూయునని ఆ యేర్పాటు. చలికి వెఱచుట పిఱికితనము కాదని ఏనుఁగునకును తెలిసినది, ఇంజనీర్లకును తెలిసినది. ఇప్పటి కార్లలో కార్బురేటరు లేదు. అయినను కొన్నింటిలో గాలిద్వారముచుట్టు రేడియేటరు వేఁడినీటిని త్రిప్పుచున్నారు.

మఱియొక చిక్కు కలదు. ఇంజను కడుపులో పుట్టు ఆవిరిని మఱల గాలిదారిలోనికే పంపు సన్నని గొట్టమొకటి యుండును. ఆ ఆవిరిలో నీరుండును. కఠినమైన చలిలో లోహపు గొట్టము మంచుకడ్డీ యగుటచే, ఆ నీరు సంధియొద్ద గడ్డకట్టి దారి మూసికొనవచ్చును. అప్పుడు లోపలి ఒత్తిడి హెచ్చి నూనె సీళ్లు ఊడును. నూనె పూసిన ఫిల్టరునకు నూనె మితిమీఱినచో గాలిని తూఁచు సెన్సారు మలినపడి లెక్క తప్పును. పచ్చదీపము వెలుఁగుటకు అదియును చాలును.

ఇంతమాత్రమున ఆ గొట్టము బిగించినవారందఱును అవివేకులని నా భావము కాదు. కొందఱు శీతకాలము రాఁగానే క్రింది తునుకను తీసివేసి, ఫిల్టరును బానెట్టులోపలనే బిగింతురు. బలము కొంత తగ్గినను, పొడిగానున్న గోరువెచ్చని గాలి దొరకును. మంచుదేశములలో మీ తమ్ములో కుమారులో ఉన్నచో ఈ మాట వ్రాయుఁడు. పాత పెట్టెను పాఱవేయవద్దనియు వ్రాయుఁడు. అమెరికాలో 1975 నాఁటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టము ననుసరించి, విడిభాగమును బిగించినంతమాత్రమున కంపెనీవారి పూచీ పోదు; ఆ భాగమువలననే చెడినదని తేలినచో మాత్రము ఆ ఖర్చు మనదే. కాలిఫోర్నియాలోనైతే అచ్చటి వాయుసంరక్షణ మండలివారి అనుమతిసంఖ్య గల గొట్టమునే బిగింపవలయును.

మా చెల్లెలి పెట్టె సంగతి చెప్పి ముగింతును. వేసవిలో గొట్టము బిగించిననాఁడు మరిది ఆ పాత పెట్టెను చెత్తలో వేయఁబోఁగా, “అక్కరకు వచ్చునేమో, ఉండనిండు” అని ఆమె దానిని పాతగుడ్డలో చుట్టి నేలమాళిగలో ఊరగాయజాడీల వెనుక దాఁచినదఁట. మెకానిక్కు దానిని గంటలో బిగించెను. మరిది ఆ రాత్రి భోజనమువేళ ఒక్క మాటయును ఆడలేదు. చారు మాత్రము రెండుసార్లు వడ్డించుకొనెను. నేను తిరిగివచ్చిన పిమ్మట ఏప్రిలు మాసమున ఫోనులో అడిగితిని. ఇప్పుడు జాడీల వెనుక, అదే గుడ్డలో, ఆ నిగనిగలాడు గొట్టమున్నదఁట.