బియ్యం వచ్చాక కంచంలో ఏం మారింది?

ఆదాయం పెరిగేకొద్దీ ఇంటి ఖర్చులో తిండి వాటా తగ్గుతుంది. తిండికి పెట్టే రూపాయలు పెరగొచ్చు గానీ మొత్తంలో దాని భాగం చిన్నదవుతుంది. బెల్జియం కార్మిక కుటుంబాల జమాఖర్చులు పరిశీలించిన జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే ఈ సంగతి తేల్చాడు. డబ్బు ఆడేకొద్దీ ఆ తిండిలోనూ తేడా వస్తుంది. కడుపు నింపే గింజల వాటా తగ్గి పప్పు, పాలు, గుడ్డు, మాంసం, పండ్లు కంచంలోకి చేరతాయి. మన దేశంలో పల్లె కుటుంబం 1999-2000లో నెల ఖర్చులో దాదాపు 59 శాతం తిండికే పెట్టేది. 2022-23 సర్వే నాటికి అది 46 శాతానికి దిగింది. బియ్యం, గోధుమల వంటి గింజలకు పెట్టే ఖర్చయితే సుమారు 22 శాతం నుంచి 5 శాతం లోపుకు పడిపోయింది. ఇందులో పెరిగిన ఆదాయం పాత్ర ఎంత, చౌక బియ్యం పాత్ర ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

చౌక బియ్యం కథ తెలుగునాట చాలాకాలంగా సాగుతోంది. 1983 ఎన్నికల ముందు కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి 90 పైసలకు బియ్యం మొదలుపెట్టింది. గెలిచి వచ్చిన ఎన్.టి. రామారావు అదే ఏడాది కిలో 2 రూపాయల పథకం తెచ్చారు. ఆ తర్వాత ధర ఎక్కుతూ దిగుతూ వచ్చింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్లీ 2 రూపాయలకు దించారు. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో అది రూపాయి అయింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల గింజలను హక్కుగా చేసింది. తెలంగాణ 2015 నుంచి మనిషికి 6 కిలోలు ఇస్తోంది. 2023 నుంచి ఆ చట్టం కింద వచ్చే గింజలకు దుకాణంలో డబ్బు కట్టే పనే లేదు.

6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. దాని నుంచి 700 క్యాలరీలు వస్తాయి, పెద్ద మనిషి రోజంతటికీ కావలసినదాంట్లో మూడోవంతు. మాంసకృత్తులు 16 గ్రాములు. ఆడవాళ్లకు రోజుకు 46 గ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఇక ఇనుము దగ్గర మామూలు బియ్యం చేతులెత్తేస్తుంది. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. పాలిష్ పట్టిన మామూలు బియ్యం 200 గ్రాములు తిన్నా దక్కేది ఒకటిన్నర లోపే. అంటే మామూలు బియ్యం ఆకలిని ఆపగలదు, రక్తహీనతను ఆపలేదు.

అలాగని బియ్యం ఊరికే పోయిందనలేం. ఉచితంగా వచ్చిన గింజల మేరకు ఇంట్లో డబ్బు మిగులుతుంది, ఆ డబ్బుతో కందిపప్పో గుడ్లో కొనుక్కోవచ్చు. పథకాల వెనుక ఆశ ఇదే. ఆశ నెరవేరిందా అంటే సాక్ష్యం రెండు వైపులా ఉంది. 1992లో ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ బియ్యం ధర ఒక్కసారిగా బాగా పెరిగింది. ఆ పెరుగుదల పిల్లల బరువు మీద ఎంత ప్రభావం చూపిందో ఆర్థికవేత్త అలెస్సాండ్రో తరోజ్జీ పరిశీలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చైనాలో హునాన్, గాన్సూ ప్రాంతాల్లో పేదలకు బియ్యం, గోధుమ పిండి మీద రాయితీ ఇచ్చి చూస్తే పోషణ మెరుగుపడలేదు. మిగిలిన డబ్బును జనం రుచికీ ఇతర అవసరాలకూ మళ్లించారు. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం ఫలితం వేరు. అక్కడ రేషన్ దుకాణాలను పంచాయతీలకూ మహిళా సంఘాలకూ అప్పగించి, సరుకు పక్కదారి పట్టకుండా కట్టుదిట్టం చేశాక, కుటుంబాలు పప్పు, కూరగాయలు, గుడ్లు, మాంసం మీద ఎక్కువ ఖర్చు చేశాయని పరిశోధకులు గమనించారు. నెలనెలా సరుకు ఠంచనుగా అందుతుందన్న నమ్మకం ఉన్నచోటే మిగిలిన డబ్బును ధైర్యంగా మరోదానికి ఖర్చు పెడతారు.

తెలుగు పల్లెల్లో మిగిలిన డబ్బుకు మరో దారి కూడా ఏర్పడింది. రేషన్‌లో వచ్చే దొడ్డు బియ్యాన్ని కొందరు ఇడ్లీ, దోసె పిండికి వాడుకుని మిగతాది దళారికి అమ్మేస్తారు, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్న బియ్యం కొనుక్కుంటారు. కంచంలో మారేది అన్నం రంగే, పక్కన కూర మారదు. ఈ అమ్మకాలను అడ్డుకోవాలనే తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్‌లోనే సన్న బియ్యం ఇస్తోంది. కార్డుదారులకు నచ్చే నిర్ణయమే. మాంసకృత్తుల లెక్క మాత్రం దొడ్డు బియ్యమైనా సన్న బియ్యమైనా ఒకటే. బియ్యానికి తోడు వేరే సరుకులు ఇచ్చే ప్రయత్నాలూ జరిగాయి. 2013లో వచ్చిన అమ్మహస్తం పథకం కందిపప్పు, పామాయిల్, చింతపండు సహా 9 సరుకులను 185 రూపాయలకు ఇచ్చింది. ఆలోచన మంచిదే గానీ అది ఎక్కువ కాలం నడవలేదు.

బియ్యం తెచ్చిన మార్పు మరొకటి ఉంది. రాయలసీమ రాగి సంకటి, తెలంగాణ జొన్న రొట్టె, గటక, సజ్జ రొట్టె ఒకప్పుడు పేదింటి రోజువారీ తిండి. జొన్న పండించి, దంచి, రొట్టె కొట్టడం కంటే 2 రూపాయల బియ్యం వండటం తేలిక, పైగా వరి అన్నమంటే గౌరవం. మెట్ట పంటలు తగ్గడానికి సాగునీరు, మద్దతు ధర వంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ రేషన్ దుకాణం వాటాను తీసిపారేయలేం. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేదలకే చౌకగా పంచే సొంత రేషన్ నడిపాయి. ఆ పద్ధతి ప్రభుత్వ దుకాణాల్లోకి పాకలేదు.

కంచంలో బియ్యానిదే పైచేయి అయిన ఫలితం ఆరోగ్యంలో కనబడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో 58 శాతం మహిళలకు రక్తహీనత ఉంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మహిళలు అధిక బరువుతో ఉన్నారు. చాలినంత తిండి ఉండి, కావలసిన తిండి లేకపోతే ఒకే మనిషిలో ఈ రెండూ కలిసి ఉండగలవు. గింజల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. బియ్యం ఉచితమై, కూరగాయలు, పప్పుల ధరలు ఎక్కే ఇంట్లో ఆ గీత దాటకుండా ఉండటం ఎలా? తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 2015-16లో సుమారు 28 శాతం ఉంటే తర్వాతి సర్వేలో 33 శాతమయ్యారు. తలసరి ఆదాయం బాగా పెరిగిన కాలమది. ఎదుగుదలకు డబ్బూ బియ్యమూ చాలవు. తల్లి ఆరోగ్యం, తాగునీరు, తరచూ వచ్చే విరేచనాలు, తొలి రెండేళ్లలో తినిపించే తిండి, అన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

వండి, అక్కడికక్కడే పెట్టే తిండి విషయంలో సాక్ష్యం ఇంత చీలిపోలేదు. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. ఇక్కడ దాదాపు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, కరువు వల్ల పసితనంలో ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బడి భోజనంతో చాలావరకు కోలుకున్నట్టు తేలింది. దేశవ్యాప్తంగా చూసిన మరో పరిశోధన ఇంకా ముందుకు వెళ్లింది. చిన్నప్పుడు బడిలో భోజనం చేసిన ఆడపిల్లలు తల్లులయ్యాక వాళ్ల బిడ్డలు వయసుకు తగ్గ ఎత్తులో మెరుగ్గా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి వారానికి 5 గుడ్లు, తెలంగాణలో 3 గుడ్లు బడి భోజనంలో భాగం. పిల్లలు హాజరైన రోజున కచ్చితంగా వాళ్ల నోట్లోకే వెళ్లే మాంసకృత్తులివి.

గుడ్డు ఇంటికి వెళ్తే లెక్క తప్పుతుంది. గర్భిణికని ఇచ్చిన సరుకు వంటింట్లో పడ్డాక అత్త, భర్త, పెద్దపిల్లల కంచాల్లోకి వెళ్లిపోతుంది, వడ్డించే మనిషి తన వంతు చివరకు పెట్టుకుంటుంది. అందుకే 2015 జనవరిలో మొదలైన తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలోనే పూట భోజనం, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలని నిర్ణయించింది. టీచర్ ఎదుటే తినాలన్నది నియమం. పొద్దున్నే కూలికి పోయి పొద్దుగూకాక ఇల్లు చేరే ఆమెకు మధ్యాహ్నం అంగన్‌వాడీ దాకా రావాలంటే సగం రోజు కూలి వదులుకోవాలి. కాన్పు దగ్గరపడి ఇంటిపట్టున ఉండే వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. అన్నిటికన్నా ఎక్కువ తిండి అవసరమైన పేద కూలి మహిళకే ఆ భోజనం అందుకోవడం కష్టం.