కోడిపెట్టకు గాయమైతే

పిల్లలూ, కోడికి గాయమైతే ముందుగా దానిని తోటి కోళ్ళనుంచి వేరు చేయండి. ఎరుపు కనిపించిన చోటనే అవి పొడుస్తాయి. చిన్నప్పుడు నేనీ సంగతి తెలియక, వీపు గీరుకుపోయిన మా పెట్టను మందలోనే వదలి బడికి పోయాను. సాయంత్రానికి చింతగింజంత గాయం రూపాయంత అయింది!

పెద్దవారెవరైనా పెట్టను గుడ్డలో చుట్టి పట్టుకోవాలి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించండి, పీకకండి. అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాడు ఉప్పు కరిగించి, ధారగా పోసి కడగండి. కొందరు కిరసనాయిలు పోస్తారు. అది మందు కాదు, మంట. ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పడవచ్చు గనుక, దోమతెర కప్పిన గంపకింద ఉంచి రెండుపూటలా చూడండి. గాయం లోతైనా, వాసన వేసినా పశువైద్యునికి చూపాలి. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

మా పెట్ట నెలరోజులు వసారాలోనే ఉంది. ఈకలు వచ్చాకే మందలో కలిపాము.