అమ్మదలచిన యిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెరుగనివారు మనలో లేరు. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము పెద్దలు చెప్పినట్లు లేదు. అట్టి యవసరము వారికి కలుగలేదు కాబోలు. తాత కట్టించిన యింట మనుమడు కాపురముండుట పరిపాటియై, ఇల్లమ్ముకొనుట కుటుంబము చితికిపోయినదనుటకు గుర్తుగా నుండిన దినములవి. నేటి స్థితి వేరు. కుమారుడు చెన్నపట్టణములోను, కుమార్తె బెంగుళూరులోను స్థిరపడగా, ఉద్యోగ విరమణ చేసిన తలిదండ్రులు తీరగ్రామములోని పాతయింటిని అమ్మి వారి చెంతకు చేరుట సామాన్య విషయమైనది. ఇల్లు కట్టుటకువలెనే ఇల్లమ్ముటకును కొంత తెలివిడి కావలసివచ్చినది. ఆ తెలివిడిలో మొదటి పాఠము మరమ్మతు.

మంచి ధర రాబట్టుటకై ఇంటిని బాగుచేయించుటలో తప్పేమియు లేదు. అయితే మరమ్మతు రెండు విధములుగా నుండును. ఇంటి జబ్బును కుదుర్చునది ఒకటి. ఆ జబ్బు కొనువాని కంటబడకుండ కప్పిపెట్టునది రెండవది. రెంటికిని ఆ మేస్త్రీయే వచ్చును, ఆ సిమెంటే కావలెను, చివర ఆ రంగే వేయవలెను. పని ముగిసిన నాడు రెండును ఒక్కతీరుననే కానవచ్చును. పైగా రెండవదానికి ఖర్చు తక్కువ, మెరుపు ఎక్కువ. చిక్కంతయు నిక్కడనే యున్నది.

నెల్లూరు తీరమున నీ చిక్కు మరింత తీవ్రము. కావలి దాపున నున్న తుమ్మలపెంట మొదలుకొని, మైపాడు, కృష్ణపట్నముల మీదుగా పులికాటు సరస్సు వరకు గల యీ సీమలో ఉప్పుగాలి, ఉప్పునీరు, తుపాను అను మూడును ఇంటిని నిత్యము పరీక్షించుచుండును. ఆ పరీక్షకు నిలుచునట్టి మరమ్మతునే మరమ్మతు అనవలెను.

ఉప్పు చేయు పని

సముద్రపు గాలిలో తేలివచ్చు ఉప్పు, కాంక్రీటులోని సన్నని రంధ్రముల గుండ క్రమముగా లోనికి దిగి ఇనుప కమ్మీలను చేరును. కమ్మీ త్రుప్పు పట్టును. త్రుప్పు తాను పుట్టిన యినుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. లోపలినుండి పుట్టు ఆ యొత్తిడికి కాంక్రీటు పగిలి, శ్లాబు అడుగుభాగము పెచ్చులు పెచ్చులుగా రాలును. అందువలననే కమ్మీని కప్పుచుండెడి కాంక్రీటు పొరకు, మేస్త్రీలు ‘కవరు’ అనెడిదానికి, ఇంత ప్రాముఖ్యము. భారత ప్రమాణముల సంస్థ 2000 సంవత్సరపు నిబంధనావళిలో సౌమ్య వాతావరణమున నీ పొర 20 మిల్లీమీటర్లున్న చాలుననియు, తీరవాతావరణమునకు గురియగు కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లుండవలెననియు నిర్ణయించినది. ఈ భేదమును పాటింపక కట్టిన శ్లాబు త్వరలో దెబ్బతినుట సహజము. పెన్న యిసుకకు బదులు ఒడ్డున దొరకు సముద్రపుటిసుకను, మంచినీటికి బదులు చవుటిబావి నీటిని వాడినయెడల, ఉప్పు గాలివెంట వచ్చు దాక ఆగనక్కరలేదు; కట్టిన నాడే లోపల చేరియుండును.

పెచ్చులూడిన శ్లాబునకు నిజమైన చికిత్స యొక్కటే. వదులైన కాంక్రీటును కమ్మీ వెనుకవరకు చెక్కివేయవలెను. త్రుప్పు పూర్తిగా పోవునట్లు కమ్మీని రుద్దవలెను. బాగుగా సన్నబడిన కమ్మీకి తోడుగా క్రొత్తది కట్టవలెను. ఆ పిమ్మట మంచినీటితో కలిపిన చిక్కని మాలుతో పూడ్చి, కొన్ని దినములు తడియారకుండ కాపాడవలెను. అమ్మకపు తొందరలో సాధారణముగా జరుగునది వేరు. పెచ్చులపైననే సిమెంటు మెత్తి రంగు వేయుదురు. లేదా క్రింద ప్లాస్టరు పలకలతో ‘ఫాల్సు సీలింగు’ బిగించి, అందులో దీపములు పొదిగింతురు. గది చూడముచ్చటగా నుండును. ఆ పలకల పైన త్రుప్పు తన పనిని తాను చేసికొనుచునే యుండును.

గోడల చెమ్మ సంగతియు నిట్టిదే. నేలలోని ఉప్పునీరు పునాదినుండి ఇటుకల గుండ పైకి ప్రాకి, గోడ ఉపరితలమున ఆరిపోవునపుడు ఉప్పును విడిచిపోవును. ఆ ఉప్పు స్ఫటికములై ఉబ్బి పూతను రాల్చును. దానిపై గట్టి సిమెంటు పూత వేసినచో చెమ్మకు వెలికి దారి లేక, ఆ పూత పై అంచు దాటి మరికొంత యెత్తునకు ప్రాకును. పెంకు పలకలు అతికించినను అంతే. అవి కొన్నినాళ్లకు గోడనుండి విడివడును. పూర్వులు వాడిన గుల్లసున్నపు పూత చెమ్మను తనగుండ వెలికి పోనిచ్చెడిది. అందుచే సున్నముతో కట్టిన పాతగోడకు సున్నపు పూతయే తగినది. అంతకుముందు ఇంటి చుట్టును వాననీరు నిలువకుండ వాలు తీర్చి కాలువ త్రవ్వించుట, వంటింటి నీరు గోడమొదట చేరకుండ చూచుట చేయవలెను. ఈ పనులకు ఖర్చు స్వల్పము. గోడకు మేలు అధికము.

కప్పు విషయము

తీరప్రాంతపు పాత మిద్దెల కప్పులను దూలములపై వాసములు పరచి, వాటిపై ఇటుకలను నిలువుగా సున్నముతో పేర్చి, పైన గచ్చు దిద్ది కట్టెడివారు. బెల్లము, కరక్కాయ నానవేసిన నీటితో సున్నమును కలుపుట వాడుక. ఇట్టి మిద్దె కారినపుడు పలువురు దానిపై మరియొక కాంక్రీటు పొర పోయింతురు. బరువు పెరుగును, సందులలో చేరిన నీరు వెలికిరాక దూలపు కొనలను గోడలోపలనే కుళ్లించును. దూలపు కొనలను తట్టి చూచి, నీరు పోవు తూములను శుభ్రపరచి, పగిలిన గచ్చును తిరిగి సున్నముతోనే దిద్దుట సరియైన మార్గము. పుచ్చిన దూలమును మార్చకతప్పదు.

పెంకుటిండ్లకును రేకుల యిండ్లకును గండము తుపాను. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును తాకిన తుపానులను పెద్దలు నేటికిని తలచుకొందురు. గాలి కప్పును క్రిందికి త్రోసి కూల్చునని మనము తలంతుము. కాని గాలి కప్పుపైనుండి వేగముగా పోవునపుడు అక్కడి యొత్తిడి తగ్గి, కప్పు పైకి లాగబడును. చూరులును మూలలును ముందుగా లేచుటకు కారణమిదియే. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు దీనికి వేరు వివరణ అక్కరలేదు. కట్టడముల రూపకల్పనకై భారత ప్రమాణములు నెల్లూరునకు నిర్ణయించిన గాలివేగము సెకండునకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. కనుక వాసములను దూలములకును, దూలములను గోడకును ఇనుపపట్టీలతో బంధించుట, రేకులను మరలతో దగ్గరదగ్గరగా బిగించుట, మిక్కిలిగా ముందుకు చొచ్చిన చూరును కుదించుట తీరమున ముఖ్యమైన మరమ్మతులు. వీటిలో నొక్కటియు వీధినుండి చూచువానికి కనబడదు. ఇంటి ప్రాణము మాత్రము వీటియందే యున్నది.

గోడల వెలుపలి విలువ

ఇంటి ధర గోడలతోనే తేలదు. తీరమున మంచినీటి బావి యొక ఆస్తి. 1990ల నాటికి ఈ తీరమున రొయ్యల చెరువులు విస్తారముగా వ్యాపించినవి. తీరరాష్ట్రముల రొయ్యల చెరువులపై నడచిన వ్యాజ్యములో 1996 డిసెంబరున సుప్రీంకోర్టు తీర్పునిచ్చినపుడు, బావినీరు ఉప్పదేరుట కూడ చర్చకు వచ్చిన విషయములలో నొకటి. అమ్మదలచినవారు బావిని పూడిక తీయించి, వేసవిలో నీటిని పరీక్షింపజేసి, ఆ పత్రమును భద్రపరచినచో, చలువరాతి నేలకంటె నది కొనువానికి ఎక్కువ నమ్మకము కలిగించును.

మరియొకటి చట్టము. సముద్రతీర నియంత్రణ మండలిని గూర్చిన తొలి ప్రకటన 1991లో వెలువడినది. 2011లోను, 2019లోను దాని స్థానమున క్రొత్త ప్రకటనలు వచ్చినవి. సాధారణముగా నీ మండలి పోటునీటి హద్దునుండి లోనికి 500 మీటర్ల వరకు వ్యాపించియుండును. అందులో సముద్రమునకు మరింత చేరువగానున్న, నిర్మాణములు నిషేధింపబడిన భాగమున, అనుమతి పొందిన పాత యింటిని బాగుచేసికొనుటకు అవకాశము కలదు గాని, ఉన్న వైశాల్యమును పెంచుటకు లేదు. ఈ సంగతి విచారింపక, ధర పెరుగునను నాశతో మేడపై గది లేపినవాడు ఇంటి విలువను పెంచినవాడు కాడు. కొనువానికి ఒక వ్యాజ్యమును జతచేసి యిచ్చినవాడగును. ప్రభుత్వమిచ్చిన నివేశనస్థలముల సంగతియు నట్లే విచారించుకొనవలెను. వాటి బదిలీపై 1977 నాటి చట్టము ఆంక్షలు విధించినది. తరువాతి సవరణలు కొన్ని సడలింపులు కల్పించినవి. మేస్త్రీని పిలుచుటకు ముందే దస్తావేజులను సరిచూచుకొనుట వివేకము.

కొనువాడు క్రొత్తవాడైనపుడు

కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణములో ఇండ్ల విక్రయమును గూర్చి యొక చక్కని పద్ధతి చెప్పబడినది. ఇరుగుపొరుగున గల నలువది కుటుంబముల యెదుట, ఆ యింటి ముంగిటనే, అమ్మకమును చాటవలెను. ఊరి పెద్దల సమక్షమున హద్దులను ఉన్నవి యున్నట్లు తెలుపవలెను. ధరను మూడుమార్లు ప్రకటించిన పిమ్మట, ఎవరును అడ్డు చెప్పనియెడల విక్రయము సాగవలెను. ఆ నలువది కుటుంబములకును ఆ యింటి గుట్టంతయు తెలిసియుండును. ఏ గోడ చెమ్మగిల్లునో, ఏ మూల కారునో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వారి యెదుట మోసము సాగదు.

నేడు కొనువాడు ఆ నలువదిమందిలో నుండడు. 2008లో కృష్ణపట్నమున నూతన రేవు ప్రారంభమైన పిదప ఆ చుట్టుపట్లకు దూరప్రాంతములవారు పలువురు వచ్చిరి. అట్టివాడు ఇల్లు చూచునది ఏ వేసవి ఉదయముననో గంటసేపు. కార్తికమాసపు వాన ఆ యింటినేమి చేయునో అతడెరుగడు. ఎరిగినవాడు అమ్మువాడొక్కడే.

ఈ ప్రశ్న మనకే పుట్టినది కాదు. రోమను దేశపు సిసిరో క్రీస్తుపూర్వము 44లో ధర్మములను గూర్చి వ్రాసిన గ్రంథములో సరిగా నీ యుదాహరణమునే తీసికొనెను. ఒక యింటి పడకగదులలో పాములు తిరుగును, కలప నాసిరకము, ఈ సంగతి యజమానునికి తప్ప నెవరికిని తెలియదు. అతడు చెప్పక అమ్మవచ్చునా? కొనుమని యెవరును బలవంతపెట్టలేదు గదా యని యొక తత్త్వవేత్త వాదించెను. చెప్పకుండుట దారి తప్పినవానికి దారి చూపకుండుటకంటె హీనమని మరియొకడు వాదించెను. చెప్పియే తీరవలెనని సిసిరో తేల్చెను. మన దేశపు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షనును ఆ పక్షముననే నిలిచినది. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సాధారణ జాగ్రత్తతో చూచినను బయటపడని ముఖ్యలోపమును అమ్మువాడు వెల్లడింపవలెను, వెల్లడింపకుండుట మోసమే. పెచ్చుల శ్లాబు క్రింద బిగించిన అందమైన పలకలను ఈ సెక్షను వెలుగులో మరల చూడుడు.

ఖర్చుకు హద్దు

ఉన్నదున్నట్లు చెప్పిన ధర తగ్గదా యని ప్రశ్నింపవచ్చును. తగ్గవచ్చును. జీవితకాలపు పొదుపంతయు నొక్క యింటిలోనే పెట్టిన పంతులుగారికి అది చిన్న నష్టము కాదు. అయితే బేరములోని యొక రహస్యమును గమనింపవలెను. కొనువాడు తనకు తెలియని దోషమునకు తన భయమును బట్టి ధర తగ్గించును; తెలిసిన దోషమునకు దాని ఖర్చును బట్టి మాత్రమే తగ్గించును. పెచ్చులూడిన గదిని చూచి, శ్లాబంతయు పోయినదేమోనని బెదరి, లక్షలు తగ్గించి యడుగును. ఆ గదినే సక్రమముగా బాగుచేయించి, చెక్కినప్పటి ఛాయాచిత్రములను, రసీదులను ముందుంచినచో ఆ భయమునకు తావుండదు. ఇంటి స్థాయిని పెంచిన పనుల రసీదులు, అమ్మకపు లాభముపై పన్ను లెక్కించునపుడును పనికివచ్చును.

కనుక ఖర్చులో వరుస యిట్లుండవలెను: ముందు దస్తావేజులు, తరువాత కప్పు, ఆపైన కమ్మీలు, చెమ్మ, నీరు, మిగిలినదానితో వెల్లయు రంగును. వీధిలోని తక్కిన యిండ్లను మించిన చలువరాళ్లకును, గుమ్మమెదుటి కమానులకును పెట్టిన సొమ్ము సామాన్యముగా తిరిగిరాదు. తీరమున కొనువాడు ముందుగా స్థలమునకు ధర కట్టును. పాత గోడల విలువ యేటేట తగ్గుచునే యుండును.

తాళపుచెవులతోపాటు ఒక కాగితము కూడ ఇచ్చుట మంచి యాచారము కాగలదు. ఏ యేట ఏ పని చేయించితిమో, ఏ మూల ఇంకను పని మిగిలియున్నదో, తుపాను వచ్చినపుడు ఏ కిటికీని ముందు మూయవలెనో అందులో వ్రాయవచ్చును. ఆ శ్లాబు క్రింద రేపు నిదురించువారు మన బిడ్డలు కారు. ఎవరో యొకరి బిడ్డలు మాత్రము తప్పక అగుదురు.