అరకిలో కైమా, ఇంటిల్లిపాదికీ సూపు

ఇంటికి చుట్టము వచ్చిన రోజునో, కూలి డబ్బులు చేతికి అందిన ఆదివారమునో పెద్దమాంసము వండుకొనుట మన పల్లె కుటుంబములలో అనేకులకు అలవాటే. కూర పొయ్యి దిగిన తరువాత ఏమి జరుగుతుందో గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. మొదటి గరిటె చుట్టానికి, రెండవది ఇంటి యజమానికి, తరువాత మగపిల్లలకు. ఆడపిల్ల పళ్లెము దగ్గరకు వచ్చేసరికి ముక్కలు తగ్గి పులుసు పెరుగుతుంది. వండిన తల్లి కూర్చునేసరికి గిన్నె అడుగున మసాలా, ఒక ఎముక మిగులుతాయి. ఎవరో పగబట్టి చేసిన అన్యాయము కాదిది. ఆ తల్లే తన చేతితో అలా వడ్డించుకుంటూ పోతుంది.

ఈ నెల మేము చెప్పదలచినది కైమాతో, కూరగాయలతో చేసే చిక్కని సూపును గూర్చి. కైమా ముక్కల వలె ఒక పక్కన ఉండదు, గిన్నె అంతటా కలిసిపోతుంది. గరిటె ఎక్కడ ముంచినా మాంసము వస్తుంది. ఏరి ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ వడ్డించాలన్నా కుదరదు. ఈ వంటను మేము మెచ్చుకొనుటకు మొదటి కారణము అదే. రుచి రెండవ కారణము.

సూపు అనగానే హోటలులో భోజనమునకు ముందు చిన్న గిన్నెలో ఇచ్చే పలుచని నీళ్లు గుర్తుకు వస్తాయి. మేము చెప్పేది అది కాదు. అమెరికాలో కైమాతో, బంగాళాదుంపలతో, టమాటాలతో కుండెడు వండుకొని, దానినే రాత్రి భోజనముగా తినే కుటుంబములు ఉన్నాయి. అక్కడ దానిని హాంబర్గర్ సూపు అంటారు. పేరు కొత్తదే గాని పని మనకు తెలిసినదే: కొంచెము మాంసము, ఎక్కువ కూరగాయలు, చాలినంత నీరు, నిదానమైన మంట.

స్త్రీలలో రక్తహీనత ఎంత ఉన్నదో చూస్తే వడ్డనలోని ఈ తేడా చిన్న సంగతి కాదని తెలుస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తము తక్కువగా ఉన్నది. మాంసములోని ఇనుము ఆకుకూరలలోని ఇనుముకంటె సులభముగా ఒంటికి పడుతుంది. అంతేకాదు, మాంసముతో కలిపి తిన్నప్పుడు కూరగాయలలోని ఇనుము కూడా మెరుగుగా పడుతుంది. టమాటా, నిమ్మరసము దీనికి ఇంకా సహాయము చేస్తాయి. అరకిలో కొవ్వులేని కైమాలో సుమారు 100 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆరుగురు పంచుకుంటే మనిషికి 16 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్ద వయసు స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాములు కావాలని చెప్పింది. ఒక్క గిన్నె సూపుతో అందులో మూడవ వంతు వచ్చినట్లే. అయితే సూపు తాగుతున్నాము కదా అని గర్భిణీలు ఇనుము మాత్రలు మానరాదు. ఒక పూట సూపు ఆ మాత్ర చేసే పని చేయలేదు.

మాంసము కొనుట దగ్గర కొన్ని మాటలు చెప్పవలెను. ఆవును, ఆవుదూడను, గేదెదూడను వధించుటను 1977 నాటి చట్టము మన రెండు రాష్ట్రములలోను నిషేధించింది. కనుక మన కొట్లలో పెద్దమాంసము పేరిట దొరికేది ముఖ్యముగా గేదె, దున్న మాంసమే. ఇది కొవ్వు తక్కువ మాంసము. పశువు ముసలిదైతే ముక్క ఎంత ఉడికినా నారలాగ పళ్లకు చిక్కుకుంటుంది. పళ్లూడిన పెద్దలు, చిన్న పిల్లలు ముక్కను పక్కన పెట్టేది అందుకే. కైమాగా కొట్టించుకుంటే ఆ బాధ ఉండదు. మెడ, భుజము దగ్గరి మాంసము ధర తక్కువ, రుచి ఎక్కువ. దానినే అడగండి. కడగవలసినది ముక్కగా ఉన్నప్పుడే. కైమా అయిన తరువాత నీళ్లలో వేసి పిసికితే సారమంతా ఆ ఎర్రనీటితో కాలువలోకి పోతుంది. మిషను లేని ఊరిలో మొద్దుమీద కత్తితో సన్నగా కొట్టి ఇమ్మంటే చాలు, కాస్త ముతకగా ఉన్నా సూపుకు అదే బాగుంటుంది.

ఒక సంగతి మాత్రము మరువరాదు. ముక్కకు పైపైన అంటిన క్రిములు కైమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతాయి. అందుచేత పచ్చి కైమాను ఆ పూటే వండవలెను. ఫ్రిజ్ ఉన్నవారు కూడా రెండు రోజులు దాటనీయరాదు. ఎక్కడా ఎరుపు లేకుండా పూర్తిగా ఉడకాలి. సరిగా ఉడకని మాంసము వలన బద్దెపురుగు కడుపులో చేరుతుంది.

మేము కుటుంబ దర్శనమునకు వెళ్లినప్పుడు కొన్ని ఇళ్లలో పొయ్యిమీది గిన్నెకు గబగబ మూత పడుతుంది. "ఏమి వండుతున్నావమ్మా?" అంటే "ఏదో కూరండి అయ్యగారూ" అని తల దించుకుంటారు. పట్టణములో హాస్టలులో చదివే పిల్లలైతే తోటివారి దగ్గర ఇంటి కూర పేరే ఎత్తరు. మన తాతలు ఈ మాంసమునే ఉప్పు పట్టించి, తీగలమీద ఎండబెట్టి, పని దొరకని వానాకాలమునకు దాచుకొని పిల్లలను బ్రతికించుకున్నారు. చట్టము ఒప్పుకున్న ఆహారమును తన ఇంట వండుకొన్న తల్లి ఎవరి ముందూ తల దించుకొన పనిలేదు. అలాగే తినని పొరుగువారి గుమ్మము ముందు ఎముకలు పారవేయుట, వారిని గేలి చేయుట మర్యాద కాదు. పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయములో వ్రాసినది తినేవారికీ, తిననివారికీ కలిపి వ్రాసినదే. పెద్దమాంసము తినని కుటుంబములు మేక కైమాతో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చును, ఖర్చు మాత్రము పెరుగుతుంది.

ఇక వంట. అడుగు మందముగా ఉన్న గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, రెండు పెద్ద ఉల్లిపాయల తరుగు వేయండి. ఉల్లి బంగారు రంగుకు వచ్చాక ఒక పెద్ద చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, చిటికెడు పసుపు, ఆ వెనుక అరకిలో కైమా. చాలామంది తొందరపడేది ఇక్కడే. కైమా వేయగానే నీళ్లు పోసేస్తారు. అప్పుడది ఉండలు కట్టి, నీచువాసన సూపంతా పట్టుకుంటుంది. గరిటెతో ఉండలు చిదిపి, మూత లేకుండా వదిలేయండి. ముందు మాంసములోని నీరు ఊరుతుంది, తరువాత ఇగురుతుంది, చివరకు చిటపటమని చప్పుడు మారి అడుగున గోధుమరంగు పట్టు కడుతుంది. దానికి పది పన్నెండు నిమిషములు పడుతుంది. ఆ అడుగుపట్టులోనే సూపు రుచి ఉన్నది. అప్పుడు రెండు లీటర్ల వేడినీళ్లు పోసి ఆ పట్టును గీకి కలపండి. ఉప్పు, ఒక చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కడిగిన కందిపప్పు రెండు గుప్పెళ్లు వేసి మూతపెట్టి, సన్నని మంటమీద ముప్పావు గంట ఉంచండి. కుక్కరైతే నీరు సగము పోసి అయిదారు కూతలు రానిచ్చి, మిగిలిన నీరు తరువాత పోసుకోవచ్చును. కారము, మసాలాపొడి గుప్పించకండి. అవి వేస్తే కూర అవుతుంది గాని సూపు కాదు, జ్వరముతో ఉన్నవారు, పసిపిల్లలు తాగలేరు.

కూరగాయలకు నియమము లేదు. ఆ వారము సంతలో చవకగా దొరికినవే మంచివి. రెండు క్యారెట్లు, రెండు బంగాళాదుంపలు, గుప్పెడు బీన్సు, కొంచెము క్యాబేజీ వేస్తే నిండుగా ఉంటుంది. అవి లేనిచోట సొరకాయ వేయండి. సొరకాయ అంటే నవ్వేవారున్నారు గాని మాంసపు రసము పీల్చుకొనుటలో దానిని మించినది లేదు. గట్టివి ముందు, మెత్తనివి వెనుక. టమాటాలు మాత్రము దుంపలు మెత్తబడ్డాకనే వేయవలెను. పులుపు ముందుగా తగిలితే దుంప త్వరగా ఉడకదు. దించబోయే ముందు పెరటిలోని మునగాకు దూసి ఒక గుప్పెడు వేయండి. ఇంకా చిక్కగా కావాలంటే రెండు చెంచాల రాగిపిండిని చన్నీళ్లలో కలిపి పోసి అయిదు నిమిషములు కలియబెట్టండి. వేడినీళ్లలో కలిపితే ఉండలు కడుతుంది. నిమ్మరసము పొయ్యి దించిన తరువాతే పిండాలి, మంటమీద మరిగితే దానిలోని విటమిను తగ్గిపోతుంది.

ఆరుగురికి ఇది ఒక పూట భోజనము. జొన్నరొట్టెతో గాని, రాగి సంకటితో గాని, మెతుకులు పొడిగా వండిన అన్నముతో గాని తినవచ్చును. తిన్న వెంటనే టీ తాగే అలవాటును ఒక గంట వెనక్కు జరపండి. తేయాకు ఇనుమును ఒంటికి పట్టనీయదు. ఇంటి తల్లి కూడా అందరితోపాటు కూర్చుని తినేలా గిన్నెను మధ్యలో పెట్టుకుంటే మరీ మంచిది, ఎవరికి వారే ముంచుకుంటారు.

మిగిలిన సూపును రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఫ్రిజ్ లేని ఇంట రాత్రికి రాత్రే పూర్తిచేయాలి, లేదా పక్కింటి బాలింతకు ఒక గిన్నెడు పంపాలి. ఫ్రిజ్ ఉన్నవారు మరునాడు బాగా తెర్లేదాకా కాచి, మూత తీసి ఇగరనిస్తే రొట్టెలోకి చక్కని కూర అవుతుంది. మా ఇంట పిల్లలు ఆ రెండవ రోజు కూర కోసమే మొదటి రోజు సూపు కొంచెము దాచమంటారు.