గ్రంథపాలకుడు – గ్రంథస్వామ్య చట్టం

శిథిలమైన ప్రాచీనగ్రంథాన్ని చేతబట్టుకొని పరిశోధక విద్యార్థి గ్రంథపాలకుని ఎదుట నిలిచి, దీనికి నకలు తీసుకోవచ్చునా అని అడుగుతాడు. దీనికి సమాధానం రెండు విధాలుగా తప్పిపోతూ ఉంటుంది. పాత పుస్తకం కాబట్టి అది అందరి సొత్తు అనడం ఒకటి. చట్టమంటే భయపడి దేనికీ అనుమతి లేదనడం మరొకటి. మొదటిది పండితుల శ్రమకు అపచారం. రెండవది పరిశోధనకు విఘాతం. 1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం, అనగా కాపీరైట్ చట్టం, ఈ విషయంలో చూపుతున్న మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

గ్రంథమనే మాటలో మూడు అంశాలు ఇమిడి ఉన్నాయి. అవి పత్రం, పాఠం, పరిష్కరణం. తాళపత్రంగాని కాగితపు ప్రతిగాని గ్రంథాలయానికి చెందవచ్చు. అంతమాత్రాన అందలి రచనపై గ్రంథాలయానికి స్వామ్యం సిద్ధించదు. రచనపై హక్కు కర్తకు జీవితకాలమూ, ఆ తరువాత అరువది సంవత్సరాలూ ఉంటుంది. 1992కు పూర్వం ఈ గడువు ఏబది సంవత్సరాలే. కర్త మరణించిన మరుసటి సంవత్సరాది నుండి దీనిని లెక్కింపవలె. విశ్వనాథ సత్యనారాయణగారు 1976లో దివంగతులైనారు. కావున వారి జీవితకాలంలో వెలువడిన రచనలపై హక్కు 2036 డిసెంబరు 31 వరకు నిలుస్తుంది. కర్త మరణానంతరం తొలిసారి ప్రకటితమైన రచనకు మాత్రం ఆ ప్రకటన సంవత్సరమే లెక్కకు ఆధారం.

ఇక మూడవదైన పరిష్కరణం విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవిగారు వెలికితీసి 1909లో ప్రకటించారు. కావ్యపాఠంపై నేడు ఎవరికీ స్వామ్యం లేదు. పరిష్కర్త స్వయంగా వ్రాసిన పీఠిక మాత్రం వేరొక రచన. వారు 1957లో కీర్తిశేషులైనందున, ఆ పీఠిక 2017 సంవత్సరాంతం వరకు రక్షణ పొందినట్లే. వ్యాఖ్యానాలకూ, అనువాదాలకూ ఇదే న్యాయం. పాఠనిర్ణయం వంటి కృషి విషయంలో, కేవలశ్రమ చాలదనీ, నైపుణ్యమూ వివేచనా కొంత సృజనాంశమూ ఉండవలెననీ సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం న్యాయస్థానాల తీర్పుల సంకలనానికి సంబంధించినదే అయినా, అందలి సూత్రం పరిష్కర్తలకూ గమనార్హం.

హక్కు గడువు తీరకపోయినా గ్రంథాలయానికి అన్ని ద్వారాలూ మూసుకొనిపోవు. 52వ సెక్షన్‌లో చెప్పిన మినహాయింపులలో నాలుగు మనకు ముఖ్యమైనవి.

1. పరిశోధనకు, స్వాధ్యయనానికి సముచితమైన మేరకు రచనను వినియోగించుకోవచ్చు.

2. భారతదేశంలో విక్రయానికి లభించని గ్రంథానికి, వాణిజ్యదృష్టి లేని ప్రజాగ్రంథాలయం తన ఉపయోగార్థం మూడు ప్రతులకు మించకుండా తీయించుకోవచ్చు.

3. అట్టి గ్రంథాలయం తన వద్దనున్న గ్రంథాన్ని పరిరక్షణార్థం ఎలక్ట్రానిక్ రూపంలో నిలువ చేసికోవచ్చు. ఇది 2012 సవరణతో చేరినది.

4. ప్రజలకు ప్రవేశమున్న గ్రంథాలయంలోని అముద్రిత రచనను పరిశోధనకు గాని ప్రచురణకు గాని ప్రతి తీయవచ్చు. కర్త ఎవరో తెలిసినప్పుడు మాత్రం, అతడు మరణించి అరువది సంవత్సరాలు దాటి ఉండవలె.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. నిలువ చేయడం వేరు, ఇంటర్నెట్‌లో అందరికీ అందించడం వేరు; మొదటిదానికి లభించిన అనుమతి రెండవదానికి వర్తించదు. విద్యార్థులకే పరిమితమైన కళాశాల గ్రంథాలయం పై నిబంధనలలోని ప్రజాగ్రంథాలయం అనే మాట పరిధిలోకి వస్తుందో రాదో యాజమాన్యం ముందుగానే న్యాయవేత్తలతో విచారించుకొనవలె.

హక్కు గడువు తీరేదాకా కాగితం ఆగదు. గత శతాబ్దారంభంలో అచ్చైన ఎన్నో పుస్తకాల పుటలు తాకితేనే పొడియైపోతున్నాయి. మూడు ప్రతుల నిబంధన ఉన్నదని తెలియని గ్రంథపాలకుని చేతిలో అటువంటి పుస్తకం నశిస్తే, ఆ నష్టం చట్టం వలన కలిగినది కాదు, అజ్ఞానం వలన కలిగినది.

కావున ప్రతి సూచికాపత్రం మీద కర్త, వ్యాఖ్యాత, పరిష్కర్తల మరణసంవత్సరాలనూ తొలిముద్రణ సంవత్సరాన్నీ నమోదు చేయడం ఉత్తమం. ఈ వివరాలు ఎదుట ఉంటే, విద్యార్థి అడిగిన ప్రశ్నకు గ్రంథపాలకుడు సందేహం లేకుండా సమాధానం చెప్పగలడు.