పండగ పూట డ్యూటీ ఎవరిది?

సెలవు ఇవ్వడం కాదు, ఎప్పుడు చెబుతారన్నదే అసలు సంగతి

రైల్వే 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించింది. అప్పట్నుంచి హైదరాబాదులో ఉండే కోస్తావాళ్లకు సంక్రాంతి హడావుడి నవంబరు రెండో వారంలోనే మొదలవుతోంది. ఉదయం ఎనిమిది కాకముందే ఫోన్లు చేతపట్టుకుని కూర్చుంటారు. గోదావరి, గౌతమి లాంటి బళ్లలో పండగ ముందు రోజుల బెర్తులు చూస్తుండగానే వెయిటింగ్ లిస్టులోకి పోతాయి. ఆ కాస్త సమయంలో టికెట్ తీయాలా వద్దా అన్నది తేలాలంటే సెలవు సంగతి ముందే తెలియాలి. సెలవు ఇవ్వాల్సిన పెద్దమనిషేమో, ‘ఇంకా రెండు నెలలుంది కదయ్యా, డిసెంబరు ఆఖర్లో చూద్దాంలే’ అంటాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. చివరికి సెలవు ఇస్తాడు కూడా. జనవరి పదో తారీఖున, అడిగిన అందరికీ కాకపోయినా సగం మందికి ఇస్తాడు. ఆ సగం మంది అప్పటికప్పుడు ప్రైవేటు బస్సుకు రెండింతలు, మూడింతలు పోసి, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు బారులు తీరిన కార్ల మధ్య గంటలు గడిపి ఊరు చేరతారు. సెలవిచ్చిన పేరు యజమానికి దక్కదు, సుఖంగా వెళ్లిన తృప్తి ఉద్యోగికి మిగలదు. అదే మాట నవంబరు మొదట్లో చెప్పి ఉంటే ఇద్దరికీ దక్కేది. సంస్థకు పైసా ఖర్చు లేని పని ఇది. అయినా మన దగ్గర నూటికి తొంభై చోట్ల జరగదు. సెలవు చీటీ చేతిలో ఉన్నంతసేపే తన మాట చెల్లుతుందన్న భయం చాలామంది సూపర్‌వైజర్లలో ఉంటుంది. నిజం చెప్పాలంటే జాబితా ఆలస్యం కావడానికి పని ఒత్తిడి కన్నా ఆ భయమే పెద్ద కారణం.

కాకి కూడా కదలని రోజు

సంక్రాంతి లెక్కలో ఇంకో మడత పేచీ ఉంది. భోగి, సంక్రాంతి, కనుమ కలిపి మూడు రోజులని మేనేజరు రాసుకుంటాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దలు. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే అత్తగారింట్లో అయినా, పుట్టింట్లో అయినా గుమ్మం దాటనివ్వరు. పైగా ఆ రోజు మినప గారెలు, కోడికూర వదిలి వచ్చేదెవరు? కాబట్టి మనిషి బయల్దేరేది ముక్కనుమ నాడు, సీట్లో కూర్చునేది ఆ మర్నాడు. మూడు రోజుల సెలవు ఇచ్చిన చోట ఐదో రోజుకు గాని జనం నిండరు. మధ్యలో వచ్చేవి జ్వరం మెసేజీలు. ఈ సంగతి తెలిసిన యజమాని నాలుగు రోజులనే లెక్కలో పెట్టుకుని, ఆ అదనపు రోజును సంపాదిత సెలవులోంచి కోసుకుంటాడు. తెలియని యజమాని మెసేజీలు చదువుకుంటూ కూర్చుంటాడు. అబద్ధం ఆడించే రూలు పెట్టి, ఆపైన అబద్ధమాడారని కోప్పడటం ఏం న్యాయం?

ఈ నాలుగు రోజుల లెక్క అందరికీ సరిపోదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన వాళ్లకు పెద్ద పండగ దసరా. ఆడవాళ్లకైతే అంతకు ముందే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ. తొమ్మిది రోజులూ సెలవు ఎవరూ అడగరు. పొద్దు వాలేసరికి ఇంటికి చేరాలని మాత్రం అడుగుతారు. తంగేడు, గునుగు పేర్చడానికి గంట పడుతుంది మరి. ఆ తొమ్మిది రోజులూ షిఫ్టును గంట ముందుకు జరిపితే చాలు, సెలవు అవసరమే ఉండదు. ఆఫీసు లాబీలో బతుకమ్మ పోటీ పెట్టి, ఫొటోలు తీసి, అదే రోజు రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెట్టే సంస్థలు మాత్రం ఏటా పెరుగుతున్నాయి.

రోస్టరు కాగితం

పండగ సెలవుల గొడవ అసలు రూపం చూడాలంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ నర్సింగ్ స్టేషన్‌లోనైనా గోడకో, గాజుబల్ల కిందో ఒక కాగితం ఉంటుంది. నిలువునా పేర్లు, అడ్డంగా తారీఖులు. గడుల్లో ఎం, ఇ, ఎన్ అంటే పొద్దుటి, సాయంత్రపు, రాత్రి డ్యూటీలు. నెలలో మామూలు రోజుల గడులు పెన్నుతో రాసి ఉంటాయి. పండగ చుట్టుపక్కల గడులు మాత్రం పెన్సిల్‌తో ఉంటాయి. వాటిమీద రబ్బరు తిరిగిన మరకలు, వైట్‌నర్ చుక్కలు, పక్కనే చిన్నగా ఇద్దరి సంతకాలు. ఆ నాలుగు గడుల వెనక నెల రోజుల బేరాలుంటాయి. క్రిస్మస్‌కు నువ్వు చేయి, సంక్రాంతికి నేను చేస్తా. బక్రీద్ నాకు వదిలేయి, దీపావళి రాత్రి నేనుంటా.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మన నేలకు అమరిన సౌకర్యం. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో క్రిస్మస్‌కు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. హైదరాబాదులో రంజాన్‌కు పాతబస్తీ నిద్రపోదు. ఒకరి పండగ మరొకరికి మామూలు రోజు కావడం వల్లే ఏడాది పొడుగునా ఆసుపత్రులు నడుస్తున్నాయంటే తప్పు లేదు. ఈ బేరం వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటేనే అందం. పైవాడు కూర్చుని ‘మీవాళ్లకు సంక్రాంతి లేదు కదా’ అంటూ ఏటా అవే పేర్లు రాసేస్తే అది ఇచ్చిపుచ్చుకోవడం కాదు, వెట్టి. పెళ్లికాని కుర్రాడి మీద, ఊరు దగ్గరగా ఉన్న అమ్మాయి మీద, కొత్తగా చేరినవాడి మీద కూడా ఇదే న్యాయం నడుస్తుంటుంది. ‘నీకేం పిల్లా జెల్లా?’ అనే మాట వినని బ్రహ్మచారి ఏ వార్డులోనూ ఉండడు. అమ్మానాన్నలు ఉన్నారన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

దీనికి మందు తేలిక. గత రెండేళ్ల పండగ రోజుల్లో ఎవరు పనిచేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం, ఈ ఏడు ఎంపిక వాళ్లతో మొదలుపెట్టడం. అంతకన్నా లోతైన శాస్త్రమేదీ ఇందులో లేదు.

నెలవంక, పంచాంగం, క్లయింటు

ముందే జాబితా వేయమంటే యజమానులు చెప్పే సాకు ఒకటుంది. మన పండగలు కుదురుగా ఉండవని. కొంతవరకు నిజమే. సంక్రాంతి ఒక ఏడు 14న, మరో ఏడు 15న వస్తుంది. రంజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. ఈద్ రేపా ఎల్లుండా అన్నది నెలవంక కనిపించిన రాత్రి గాని తేలదు. 2026లో ఉగాది మార్చి 19న వస్తే, ఆ వెన్నంటే రంజాన్ వచ్చింది. 2025లో దసరా సరిగ్గా అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజునే పడింది. ఉద్యోగులకు రెండు సెలవుల్లో ఒకటి పోయింది. తెలంగాణలో ఆ రోజు మద్యం దుకాణాలు కూడా మూసి ఉండటం వేరే దుఃఖం, దాని జోలికి వెళ్లొద్దు.

తేదీ తేలకపోయినా ఇద్దరేసి పేర్లు రాసుకోవడానికి అడ్డేముంది? ఈద్ శుక్రవారమైతే వీళ్లు, శనివారమైతే వాళ్లు అని. ఉపవాసాల నెలలో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులను గంట ముందు, సాయంత్రం నాలుగింటికి వెళ్లనిస్తోంది. లక్షల మంది సిబ్బంది ఉన్న ప్రభుత్వానికి చేతనైనది నలభై మంది ఉన్న కంపెనీకి ఎందుకు కాదు?

హైటెక్ సిటీలో తంటా ఇంకో రకం. అమెరికా క్లయింటు క్యాలెండరులో నవంబరు ఆఖర్న థాంక్స్‌గివింగ్ ఉంటుంది, ఉగాది ఉండదు. థాంక్స్‌గివింగ్ వారం పని లేక కుర్చీల్లో కూర్చున్నవాళ్లే ఉగాది పచ్చడి తిన్న చేత్తో రాత్రి షిఫ్టుకు లాగిన్ అవుతారు. ప్రభుత్వోద్యోగులకు సాధారణ సెలవులకు తోడు తమకు నచ్చినవి ఎంచుకునే ఐచ్ఛిక సెలవులు ఐదున్నాయి. ఆ పద్ధతి ప్రైవేటులోకీ వచ్చింది గానీ, ‘ప్రాజెక్టు అవసరాలను బట్టి’ అనే తోక తగిలించుకుని వచ్చింది.

కొన్ని వ్యాపారాలకు పండగంటేనే సీజను. బట్టల షాపుల్లో భోగి ముందు రాత్రి పదకొండు దాటినా చీరలు పరుస్తూనే ఉంటారు. మిఠాయి దుకాణాలు, ఆర్టీసీ డిపోలు, హలీం బట్టీలు, కనుమ నాటి మాంసం కొట్లు ఇవన్నీ ఇదే వరస. అక్కడ పండగ నాడు సెలవు అడగడమే కుదరదు, ఆ ఉద్యోగంలో చేరినవాళ్లకూ అది తెలుసు. వాళ్లు అడిగేది పండగ తర్వాతి రోజులు. అవైనా ఖాయంగా, జీతంతో ఇస్తారా అని.

చట్టం ఏం చెబుతోంది

ఈ విషయంలో చట్టం యజమానుల ఇష్టానికి పెద్దగా వదల్లేదు. కర్మాగారాలు, దుకాణాల పండగ సెలవుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1974లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి జాతీయ సెలవులకు తోడు కొన్ని పండగ సెలవులు జీతంతో ఇవ్వాలి. సెలవు రోజున పనిచేయించుకుంటే రెట్టింపు వేతనమన్నా ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనంతో పాటు మరో రోజు సెలవన్నా ఇవ్వాలి. ఎదురుగా నిలబడి ఈ రెండో సగం అడిగే సేల్స్‌గాళ్ ఎంతమంది ఉంటారో పాఠకులే ఊహించుకోవచ్చు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి బోనసు సంగతీ చూద్దాం. చట్టం ప్రకారం అర్హులైన వాళ్లకు కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం ఇవ్వాలి. ఇది యజమాని దయ కాదు, పండగ మామూలు అంతకన్నా కాదు. దసరాకో దీపావళికో ఇవ్వడం ఆనవాయితీ అయ్యేసరికి దానికి కానుక వేషం పడింది. సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా ప్రకటన కోసం బొగ్గుబావుల ఊళ్లన్నీ ఎదురు చూస్తాయి. 2024లో లాభాల నుంచి 33 శాతం చొప్పున 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా ఐదు వేలు ఇచ్చారు. పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షన్నర పైమాట, పక్కనే పనిచేసే కాంట్రాక్టు మనిషికి ఐదు వేలు. అయినా అన్నేళ్లూ ఏమీ లేనివాళ్లకు అది మొదటి మెట్టే.

మామూలు ఆఫీసుల్లో ఈ తేడా మిఠాయి డబ్బాలో కనిపిస్తుంది. స్టాఫుకు జీడిపప్పు బర్ఫీ కిలో డబ్బా, హౌస్‌కీపింగ్‌కు సోన్‌పాపిడీ. రెండు డబ్బాలూ ఒకే బల్లమీద పేర్చి పంచుతారు. పంచే పని కూడా హౌస్‌కీపింగ్ వాళ్లదే. పది మంది మనసు విరగ్గొట్టడానికి అంతకంటే చవకైన పద్ధతి దొరకదు.

చందా పుస్తకం

ఇక ఆఫీసులో జరిపే పండగలు. ఆయుధపూజ సంగతి వేరు, అది పనిలోంచి పుట్టింది. మెకానిక్ షెడ్డులో స్పానర్లు కడిగి, లేతు మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టే రోజున కార్మికుడే పూజారి. దానికి ఎవరూ సర్క్యులర్ పంపక్కర్లేదు. సెప్టెంబరు 17న ఒడిశా, బెంగాల్, బిహార్ కుర్రాళ్లు పారిశ్రామిక వాడల్లో విశ్వకర్మ పూజ చేసుకునేదీ అలాగే. ఆ కుర్రాళ్లే ఛట్ పూజకూ, హోలీకీ మూటాముల్లె సర్దుకుంటారు. ఆ వారాల్లో స్లాబు పెట్టుకున్న బిల్డరు ఎవర్నీ తిట్టుకుని లాభం లేదు, క్యాలెండరు చూసుకోకపోవడం తన తప్పే.

చిక్కంతా ‘సంబరాల కమిటీ’లతో వస్తుంది. వినాయక చవితికి చందా స్వచ్ఛందమేనంటారు, పుస్తకం మాత్రం మేనేజరు చేతిలో ఉంటుంది. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై ఇప్పుడు లక్షల్లోకి పోయింది. దాన్ని చూసి ఆఫీసుల్లోనూ వేలాలు పెడుతున్నారు. బాసు పాడిన పాట మీద పాట పాడేదెవరు? ముగ్గుల పోటీకి ఆడవాళ్ల పేర్లు అడక్కుండానే రాసేస్తారు. ‘ట్రెడిషనల్ డే’ నాడు జీన్సుతో వచ్చినవాణ్ని నలుగురిలో నిలదీస్తారు. రానివాళ్ల పేర్లు రాసుకోని ఆఫీసులోనే సంబరం సంబరంలా ఉంటుంది.

డ్యూటీలో ఉండేవాళ్ల గురించి చివరగా ఒక చిన్న సంగతి, ఎంత పెద్ద సంస్థయినా మర్చిపోయేది. పండగ నాడు క్యాంటీన్ మూసేస్తారు. వీధి చివర టిఫిన్ బండి రాదు, సిటీ బస్సులు పలచబడతాయి, యాప్‌లో తెప్పించుకుందామంటే డెలివరీ కుర్రాడూ ఊరికి పోయి ఉంటాడు. సెక్యూరిటీ గార్డు, లిఫ్టు ఆపరేటరు, రాత్రి నర్సు, సర్వర్ రూములో ఒంటరిగా కూర్చున్న ఇంజినీరు బిస్కెట్ ప్యాకెట్లతో కాలక్షేపం చేస్తారు. ముందు రోజే నలుగురైదుగురికి పులిహోర, గారెలు, పరమాన్నం చెప్పి ఉంచి, వచ్చి పోవడానికి ఒక కారు మాట్లాడితే రెండు మూడు వేలతో అయిపోతుంది. ఏ ఖర్చు కింద రాయాలని అకౌంట్స్ వాళ్లు అడిగితే, ముగ్గుల పోటీ బహుమతుల పద్దులోంచి తీయమని చెప్పవచ్చు.